గంజాం దారిలో దండు: సిపాయి కుండ, మజిలీ, జ్వరం

1835 చివర్లో ఈస్టిండియా కంపెనీ తన సొంత జిల్లా మీదికే దండు నడిపింది. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చి అప్పటికి దాదాపు 70 ఏళ్లు. గంజాం జిల్లాలో గుమ్సూరు జమీందారు ధనంజయ భంజ కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) బకాయి పడ్డాడు. కంపెనీ జమీందారీని స్వాధీనం చేసుకోబోతే ఆయన కుటుంబంతో సహా ఘాట్ (కొండదారి) ఎక్కి, కోదులనే గిరిజనులుండే కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఏడాది ముగిసేలోపే అక్కడే చనిపోయాడు. ఆయన కుటుంబాన్ని అప్పగించమని కంపెనీ అడిగింది, మాట ఇచ్చాం కాబట్టి అప్పగించలేమని కోదులు అన్నారు. దొర బిసోయి నాయకత్వంలో వాళ్లు తిరగబడ్డారు. ఆ పోరు 1837 దాకా సాగింది.

ఈ యుద్ధంలో పరాయి దేశపు సైన్యమేదీ సరిహద్దు దాటి రాలేదు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల పాలు పెద్దది. ఎదుటివైపు కోదులు, జమీందారు బంటులైన పాయకులు. అందరూ ఒకే కంపెనీ ఏలుబడిలోని జనం. పాలకుల లెక్కలో అది తిరుగుబాటు, కొండ మీద ఉన్నవాళ్ల లెక్కలో ఇంటిమీదికొచ్చిన యుద్ధం. సిపాయి లెక్కలో మాత్రం అది ప్రధానంగా నడక. నెలకు ఏడు రూపాయల జీతం, బయట కొలువుకు కాస్త బత్తా (అదనపు భత్యం), రోజుకు ఒక మజిలీ.

యుద్ధ చరిత్రలు ముట్టడుల గురించి రాస్తాయి. గుమ్సూరు ఘాట్‌లో 1836 తొలినాళ్లలో ఇద్దరు యూరోపియన్ అధికారులు, వాళ్ల వెంట ఉన్న సిపాయిలు కోదుల చేతిలో చనిపోయిన సంగతి నమోదైంది. అయితే ఆ దండును ఎక్కువగా పడగొట్టింది బాణమూ కాదు, తూటా కూడా కాదు. నీళ్లు, బియ్యం, పడుకున్న చోటు. సిపాయి దినచర్యలో ప్రతి అలవాటుకూ వెనక ఒక తెలివి ఉంది. ఒక ముప్పును కాచిన అలవాటే మరో ముప్పుకు తలుపు తీసింది. ఈ అధ్యాయంలో ఆ దినచర్యను వేకువ నుంచి రాత్రి వరకు అనుసరిద్దాం.

వేకువ: వేడి లెక్క

దండు తెల్లవారకముందే లేచేది. నగారా మోగగానే డేరాలు దించి, ఎడ్లను కట్టి, చీకట్లోనే బయల్దేరితే ఎండ ముదిరేలోపు తర్వాతి మజిలీ చేరుకోవచ్చు. రోజుకు 16 నుంచి 20 కిలోమీటర్లు నడవడం మామూలు. బరంపురం నుంచి హింజిలికాటు, ఆస్కా మీదుగా గుమ్సూరు సీమకు సుమారు 80 కిలోమీటర్లు. అంటే ఐదు మజిలీలు. అంతకంటే వేగంగా పోవాలన్నా సామాన్ల బండి ఎద్దు ఒప్పుకోదు. దండు వేగం ఎద్దు వేగమే.

సిపాయి భుజాన నాలుగున్నర కిలోల తుపాకి. నడుముకు బాయ్‌నెట్. పెట్టెలో 60 తోటాలుంటే వాటి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. చెంబు, బట్టలు, సంచి కలిస్తే 20 కిలోల దరిదాపుకు వస్తుంది. 55 కిలోల మనిషి ఆ బరువుతో గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంటే అతని శరీరం సుమారు 300 వాట్ల చొప్పున శక్తి ఖర్చు చేస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే పావుగంటకు ఒక డిగ్రీ చొప్పున ఒళ్లు వేడెక్కుతుంది. గంట తిరక్కముందే మనిషి పడిపోతాడు.

ఆ వేడిని బయటికి పంపేది చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి పోతుంది. కాబట్టి మన సిపాయికి గంటకు మూడో వంతు లీటరు చెమట ఆవిరైతే చాలు. ఈ లెక్క పొడి గాలికి సరిపోతుంది. గోపాలపురం నుంచి చిలికా దాకా ఉన్న తీరంలో గాలి ఎప్పుడూ తేమగా ఉంటుంది. అక్కడ చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. కారిన చెమట ఒంట్లో నీళ్లను, ఉప్పును తీసుకుపోతుందే తప్ప చల్లబరచదు. అదే చల్లదనం కోసం శరీరం రెట్టింపు చెమటోడుస్తుంది. వేకువన నడిస్తే పైనుంచి ఎండ వేడి తోడవదు. దండు దారి నియమాల్లో ఇదే అన్నిటికన్నా మంచిది, శరీరశాస్త్రం దీన్ని పూర్తిగా సమర్థిస్తుంది.

ఎంత వేకువన బయల్దేరినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మజిలీ చేరేసరికి వేలమంది ఒకేసారి దాహంతో ఉంటారు.

పొద్దెక్కాక: ఒక్క చెరువు, వేల చెంబులు

దండు అంటే నడిచే ఊరు. సిపాయిల వెంట డోలీ మోసే బోయీలు, ఎడ్లను తోలేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, చాకళ్లు, దండు బజారు వర్తకులు, ధాన్యం తెచ్చే లంబాడీలు వచ్చేవారు. వెంట వచ్చే జనం చాలాసార్లు సిపాయిల సంఖ్యను మించిపోయేవారు. ఒక కంటోన్మెంట్ నుంచి మరొకదానికి మారే నడకలో మద్రాసు సిపాయి భార్యాబిడ్డలు కూడా ఉండేవారు. వీళ్లందరూ ఒకే చెరువు గట్టున దిగుతారు. అందులోనే తాగుతారు, స్నానం చేస్తారు, ఎడ్లను కడుగుతారు. కాస్త ఎడంగా కాలకృత్యాలు. వాన పడినా, తడి కాలు ఒకటి నీళ్లలో పెట్టినా ఆ ఎడం చెరిగిపోతుంది.

ఇలాంటి విపత్తును గంజాం 1781లో చూసింది. హైదర్ అలీతో పోరాడుతున్న కంపెనీ సేనాని ఐర్ కూట్‌కు సాయంగా కర్నల్ పియర్స్ నాయకత్వంలో సుమారు 5,000 మంది బెంగాల్ సైనికులు తీరం వెంట మద్రాసుకు నడుస్తున్నారు. మార్చి 22న గంజాం దగ్గర వ్యాధి విరుచుకుపడింది. ఆ ఒక్కరోజే 500 మందికి పైగా ఆసుపత్రి డేరాల్లో చేరారు. మూడు రోజుల్లో సగానికి పైగా దండు జబ్బుపడింది. అప్పటి వర్ణనను బట్టి వైద్య చరిత్రకారులు దాన్ని కలరాగా గుర్తించారు. 1817లో బెంగాల్ నుంచి మొదలైన మహమ్మారికి ఇది 36 ఏళ్ల ముందటి మాట.

ఆరోగ్యంగా నడుస్తున్న మనిషి సాయంత్రానికి ఎలా పోతాడు? కలరా సూక్ష్మజీవి చిన్నపేగు గోడకు అంటుకుని ఒక విషం వదులుతుంది. ఆ విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ దే 1959లో రుజువు చేశారు. దాని ప్రభావంతో పేగు కణాలు లవణాలను, వాటితోపాటు నీళ్లను ఆపకుండా బయటికి తోడేస్తాయి. తీవ్రమైన కేసుల్లో గంటకు లీటరు దాకా పోతుంది. మామూలు మనిషి ఎంతో కొంత నిలబడతాడు. పొద్దున్నే రెండు మూడు లీటర్ల చెమట పోగొట్టుకున్న సిపాయికి అప్పటికే ఒంట్లో నీళ్లు తక్కువ, రక్తం చిక్కన. వేడి చేసిన నష్టం మీద కలరా నష్టం పేరుకుంటుంది.

ఆనాటి వైద్యం రక్తం తీసేది, పాదరసపు మందు ఇచ్చేది, దాహమన్నవాడికి నీళ్లు వద్దనేది. నీళ్లు పోతున్న శరీరం నుంచి రక్తాన్ని కూడా తీసేసింది. అసలు మందు మాత్రం అక్కడే పొయ్యిమీద ఉడుకుతోంది. ఉప్పేసిన గంజి.

పేగులో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోయే ద్వారం ఒకటుంది. కలరా విషం నీళ్లు తోడే యంత్రాన్ని నడిపిస్తుంది కానీ ఈ ద్వారాన్ని మూయలేదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగితే ఆ దారిన లవణం లోపలికి పోతుంది, దాని వెంటే నీళ్లూ పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల మధ్య బనగావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో నింపి ఇప్పించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. తర్వాత ఢాకా పరిశోధకులు చక్కెర బదులు బియ్యప్పిండి వాడి చూశారు. పిండిపదార్థం పేగులో అరిగి నెమ్మదిగా గ్లూకోజు ఇస్తుంది. అది కూడా బాగా పనిచేసింది. జబ్బుచేసిన వాళ్లకు ఉప్పుగంజి పట్టే మన ఇళ్లవాళ్ల పద్ధతి ఆ ద్రావణానికి చాలా దగ్గరగా ఉంది.

మధ్యాహ్నం: కుండలో జారిపోయేది

మజిలీ చేరాక వంట. సిపాయి బియ్యం దండు బజారులో కొనుక్కునేవాడు. కులాన్ని బట్టి వేరు వేరు పొయ్యిలు, ఎవరి కుండ వారిదే. రోజంతా బరువు మోసి నడిచినవాడికి 3,000 కేలరీలైనా కావాలి. అన్నం తప్ప పెద్దగా ఏమీ లేకపోతే 850 గ్రాముల బియ్యం తినాలి. ఎంత అన్నం అరిగించుకుంటే అంత బి1 విటమిన్, అంటే థయమిన్, ఖర్చవుతుంది. పిండిపదార్థం శక్తిగా మారే దారిలో అది అత్యవసరం. వెయ్యి కేలరీలకు అర మిల్లీగ్రాము చొప్పున మన సిపాయికి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు కావాలి.

ఇక్కడే ఎలాంటి బియ్యమన్నది ముఖ్యం. వడ్లగింజలో ఈ విటమిన్ ఎక్కువగా పైపొరలోనూ మొలకలోనూ ఉంటుంది. తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో 100 గ్రాములకు 0.06 మిల్లీగ్రాములే మిగులుతుంది. అంటే 850 గ్రాములకు అర మిల్లీగ్రాము. దంపుడు బియ్యంలోనూ ఉప్పుడు బియ్యంలోనూ దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. ఉప్పుడు బియ్యం సంగతి మరీ ఆసక్తికరం. వడ్లను నానబెట్టి ఆవిరిపడితే పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకి అక్కడే స్థిరపడుతుంది. ఆ తర్వాత తవుడు తీసేసినా విటమిన్ పోదు.

రోకలితో దంచే కాలంలో మరమిల్లులు లేవు కదా, మరి లోటు ఎందుకొచ్చింది? తెల్లటి బియ్యం మీద మోజు రోకటి కాలంలోనూ ఉంది. ఎక్కువసేపు దంచి చెరిగితే గింజ తెల్లబడుతుంది. తర్వాత రెండు మూడు సార్లు కడుగుతారు. నీళ్లలో కరిగే ఈ విటమిన్‌లో మంచి భాగం కడుగుతో పోతుంది. అన్నం ఉడికాక గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. ఒంట్లో దీని నిల్వ 30 మిల్లీగ్రాముల మేరకే. రెండు మూడు వారాల్లో తరిగిపోతుంది. సుదీర్ఘమైన దండయాత్రకు ఇది చాలా చిన్న గడువు.

లోటు మొదట కనిపించేది సిపాయి బతుకుదెరువైన కాళ్లలోనే. అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిక్కలు బరువెక్కి నొప్పెడతాయి. గొంతుకూర్చున్నవాడు చేతుల ఊతం లేకుండా లేవలేడు. తర్వాత కాళ్లు వాస్తాయి, ఊపిరి ఆడదు, గుండె ఆగిపోవచ్చు. ఈ వ్యాధి పేరు బెరిబెరి. మద్రాసు సైన్యంలో వైద్యుడు జాన్ మాల్కమ్‌సన్ దీని మీద రాసిన పుస్తకం 1835లో మద్రాసులో అచ్చయింది. గుమ్సూరు దండు కదిలిన ఏడాదే అది. ఉత్తర సర్కారుల తీరంలో ఉన్న పటాలాల్లో ఈ వ్యాధి ఎక్కువని ఆయన నమోదు చేశాడు. కారణం మాత్రం చిక్కలేదు. తేమ, చలిగాలి, వాతావరణం అన్నిటినీ అనుమానించారు.

కారణం బయటపడటానికి ఇంకా చాలాకాలం పట్టింది. జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890లలో తెల్లబియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేవడం గమనించాడు. 1929లో నోబెల్ పొందాడు. ఇక్కడ కూనూరు ప్రయోగశాలలో మెక్‌కారిసన్, ఆ తర్వాత ఐక్రాయిడ్ బృందం సర్కారుల చిక్కుముడిని విప్పారు. ఒకే మద్రాసు రాష్ట్రంలో తమిళ జిల్లాల్లో బెరిబెరి అరుదు, గంజాం, విశాఖ, గోదావరి తీరాల్లో ఎక్కువ. తమిళ పేదలు తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం, సర్కారుల్లో పచ్చిబియ్యం. రెండు చోట్లా వాతావరణంలో పెద్ద తేడా లేదు, తేడా అంతా వడ్లను ఉడకబెట్టడంలోనే ఉంది.

గంజి సంగతికొస్తే, 1751లో ఆర్కాటు ముట్టడిలో కంపెనీ సిపాయిలు అన్నం యూరోపియన్లకు వదిలి తాము గంజి తాగారని ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని విధేయతకు గుర్తుగా చెప్పుకున్నారు. కేలరీల లెక్కలో సిపాయి నష్టపోయాడు, థయమిన్ లెక్కలో కొంత లాభపడ్డాడు. గంజి పారబోయకపోవడం, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే ఆ నీళ్లతో సహా తాగడం, కొండవాళ్లలాగా చోడి (రాగి) అంబలి కలుపుకోవడం ఇవన్నీ విలువైన అలవాట్లే. చోళ్లలో తెల్లబియ్యం కంటే ఆరేడు రెట్లు ఎక్కువ థయమిన్ ఉంటుంది. దండు బజారులో అమ్ముడయ్యే తెల్లటి బియ్యం కన్నా కొండ మీది కోదుల చోడి గింజ పౌష్టికమైనది. కాని ఆ గింజను దండులో ఎవరూ పరువైన తిండిగా చూడలేదు.

రాత్రి: తేటనీటి వాగు పక్కన

గుమ్సూరు దండయాత్రకు నవంబరు నుంచి ఎండాకాలం దాకా మంచి అదను అనుకున్నారు. వానలు వెనక్కి తగ్గాయి, వాగులు దాటవచ్చు, రాత్రులు చల్లగా ఉంటాయి. చిత్తడి నేలల కుళ్లు గాలి వల్ల జ్వరాలొస్తాయన్నది ఆనాటి నమ్మకం. కాబట్టి చెరువు పక్కన, బురద పక్కన దిగకుండా కొండ దిగువన పారే తేటనీటి వాగు గట్టున దిగడం తెలివైన పని అనిపించింది. 1781 నాటి కలరా విపత్తు తర్వాత చూస్తే అది నిజంగా మంచి ఎంపికే. పారే నీటిలో మురుగు నిలవదు.

మలేరియా లెక్కలో ఆ ఎంపికే కొంప ముంచింది. తూర్పు కనుమల్లో మలేరియాను మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. ఇది మురుగులో పుట్టదు. గడ్డి అంచులున్న, నెమ్మదిగా పారే తేట వాగుల్లోనే పెరుగుతుంది. వానలు వెనక్కి తగ్గి వాగులు ఉధృతి తగ్గాక, అంటే శరత్తు నుంచి శీతకాలం దాకా, దీని సంఖ్య పెరుగుతుంది. రాత్రిపూట మనిషిని వెతుక్కుంటూ వచ్చి కుడుతుంది. దండు ఎంచుకున్న కాలం, చోటు, వేళ మూడూ ఆ దోమకు అనుకూలమైనవే.

కుట్టిన వెంటనే జ్వరం రాదు. పరాన్నజీవి ముందు కాలేయంలో పెరిగి, తర్వాత రక్తకణాల్లోకి వస్తుంది. ఫాల్సిపారం రకానికి 9 నుంచి 14 రోజులు పడుతుంది. అంటే దండు ఘాట్ ఎక్కి, వారం పది రోజులు కొండల్లో హాయిగా తిరిగి, ఇక్కడి గాలి బాగుందనుకునే సమయానికి ఒకరి తర్వాత ఒకరు వణుకుతూ పడిపోతారు. ఒక్కో జ్వరపీడితుణ్ని డోలీలో మోయడానికి నలుగురైనా కావాలి. కొద్దిమంది జబ్బుపడితే చాలు, దండు మొత్తం నడక ఆగిపోతుంది. గుమ్సూరు పోరులో పటాలాలకు పటాలాలు జ్వరంతో కుదేలయ్యాయి, కొత్త దళాలను పైకి పంపాల్సి వచ్చింది. సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను 1820లోనే వేరు చేసినా, నీలగిరుల్లో సింకోనా తోటలు 1860లలో గాని రాలేదు. 1836లో అది సిపాయికి దక్కే మందు కాదు.

జ్వరం దెబ్బ గంజాం జిల్లాకు కొత్తేమీ కాదు. ఋషికుల్య సాగరసంగమం దగ్గరున్న గంజాం పట్టణం ఒకప్పుడు జిల్లాకు ముఖ్యకేంద్రం. 1815 ప్రాంతంలో వచ్చిన జ్వరం ఆ ఊరిని దాదాపు ఖాళీ చేసింది. కార్యాలయాలు తరలిపోయాయి, బరంపురం పెరిగింది. గుమ్సూరు పోరు తర్వాత ఆ సీమలో కంపెనీ కమిషనర్ జార్జ్ రస్సెల్ పేర రస్సెల్‌కొండ అనే సైనిక స్థావరం వెలిసింది. ఇవాళ ఆ ఊరు భంజానగర్. ఓడిన వంశం పేరే చివరికి పటం మీద నిలిచింది.

జ్వరం లేని మనిషి

కొండల్లోకి వచ్చిన అధికారులకు ఒక సంగతి వింతగా అనిపించేది. మైదానపు సిపాయిలు కుప్పకూలుతున్న చోటే కోదులు మామూలుగా తిరుగుతున్నారు. వాళ్ల ఒంటికి ఆ గాలి పడిందని, వాళ్లు అడవి మనుషులని సరిపెట్టుకున్నారు. జరిగింది వేరు. ఆ కొండల్లో పుట్టిన పిల్లలు పుట్టినప్పటినుంచి మళ్లీ మళ్లీ జ్వరపడతారు. చాలామంది పసితనంలోనే చనిపోతారు. బతికి పెద్దయినవాళ్లలో పాక్షికమైన రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. పరాన్నజీవి రక్తంలో కొద్దిగా ఉంటుంది కానీ జ్వరం రాదు. కోదు యువకుడి దృఢత్వానికి చెల్లించిన మూల్యం అతని తోబుట్టువుల ప్రాణాలు. సిపాయికి ఆ శక్తి లేదు. పైగా జ్వరం లేని ఆ పెద్దల రక్తంలోంచి కూడా దోమ పరాన్నజీవిని తీసుకుని సిపాయి ఒంట్లోకి ఎక్కించేది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో పరాన్నజీవిని చూశాకే ఈ గొలుసు తెలిసింది. దోమల మందులు, మాత్రలు వచ్చాక కూడా ఈ కొండలున్న ఒడిశాలో మలేరియా పూర్తిగా పోలేదు. దానికి ఒక కారణం, వైద్యులు ఎక్కువగా జ్వరమొచ్చినవాళ్లకే పరీక్ష చేసేవారు. జ్వరం రాని మనిషిని పెద్దగా ఎవరూ వెతకలేదు.

2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మారుమూల కొండ గ్రామాల్లో శిబిరాలు పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేసి, పరాన్నజీవి ఉన్నవాళ్లందరికీ మందిచ్చారు. మందు పట్టిన దోమతెరలు ఇంటింటికీ పంచారు. మరుసటి ఏడాదికే రాష్ట్రంలో మలేరియా కేసులు 80 శాతానికి పైగా తగ్గాయి. మొత్తం ఘనత ఒక్క పరీక్షకే కట్టబెట్టలేం, దోమతెరల పాత్ర పెద్దది. కాని ఆరోగ్యంగా కనిపించే కొండమనిషిని కూడా వైద్యం అవసరమైన మనిషిగా లెక్కలోకి తీసుకోవడం ఆ కార్యక్రమపు మూలసూత్రం.

గుమ్సూరు దండు చేయలేకపోయింది అదే. వాళ్లు వేడిని అర్థం చేసుకున్నారు, ఎద్దును అర్థం చేసుకున్నారు, దారిని కొలిచారు. వంట కుండలోని గంజిని, కొండ మీది చోడిని, జ్వరం లేకుండా తిరిగే కోదును మాత్రం గమనించదగ్గ విషయాలుగా చూడలేదు. మద్రాసు వైద్యులకు తెలివి కొరవడలేదు, మాల్కమ్‌సన్ లాంటివాళ్లు శ్రద్ధగా నమోదు చేశారు. ఆ నమోదుకు తోడు, ఎదుటివాళ్లు ఏం తింటున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు, వాళ్ల పిల్లలెందుకు చనిపోతున్నారు అని అడిగి ఉంటే సమాధానం సగమైనా ముందే దొరికేది. యుద్ధంలో ఎదుటివాణ్ని శత్రువుగా మాత్రమే చూసినవాడికి అతని ఆరోగ్యం నుంచి నేర్చుకునే అవకాశం ఉండదు. ఆ నష్టం ఇద్దరినీ చంపింది.